పద్దు మార్పిడి

ఆ యేడు వానలు బాగ కొట్టినయి.
చిట్యాల దాటినంక రోడ్డు పొంటి
చెరువులన్నీ మత్తడి దుంకుతుంటే
మా ఆఫీసుల మాత్రం చావు కళ.
మాది బోరు పైపుల కంపెనీ.
కరువొస్తే మాకు పండుగ,
కాలమైతే మాకు కరువు.
ఈ మాట బయట ఎవ్వలకు చెప్పుకుంటం?

ఆరు మిషన్లల్ల నాలుగు ఆపిండ్రు.
నీలం పైపులు యార్డుల కుప్పలు పడుంటే
వాటి బొక్కలల్ల పిచ్చుకలు కాపురం పెట్టినయి.
ఆగస్టు జీతం అక్టోబర్ల వచ్చింది, సగం.
వాచ్‌మెన్ ఉప్పలయ్య బిస్కెట్ పాకెట్ విప్పి,
రెండు తిని,
మాపటికని మడిచి పెట్టుకునుడు
నేను చూడనట్టే చూసిన.

బ్యాంకు నుంచి వచ్చినాయన
కుర్చీ అంచు మీద కూసున్నడు, పోయేటోని లెక్క.
ఎర్ర పెన్ను అడిగిండు. నాదే ఇచ్చిన.
చాయ్‌కి గీత. తోట మనిషికి గీత.
క్యాలెండర్లకు గీత.
పదకొండో వరుస కాడ ఆగిండు:
దానధర్మాలు. నీళ్ల బండి, డీజిలు, ఫిల్టర్ ఖర్చు.
నెలకు అరవై రెండు వేలు.
"ఇదేంది?"
వెంకటనర్సయ్య సారు కిటికీ దిక్కు చూసిండు.
"అది... ఉండనియ్యుండ్రి."
"పెట్టేటోని చెయ్యి పైన ఉండాలంటే
ముందుగాల మనిషి నిలబడాలె గద సార్."
తప్పు మాట్లాడలే ఆయన.
జీతం రాని నాక్కూడ
ఆ మాట తియ్యగనే వినబడ్డది. దాచుడెందుకు.

ఆయ్యాల బస్సు దొరకక నీళ్ల బండిల ఎక్కిన.
జానయ్య నడుపుతుండు, ఆయనకూ సగం జీతమే.
"డీజిలు పోస్తుండ్రు, నాకు పోస్తలేరు.
నా కన్న బండికే ఆకలెక్కువున్నట్టుంది" అని నవ్విండు.

రాళ్లవెల్లి కాడ ఆగినం.
నల్లాలు ఇంకా రాని యేడది.
బిందెలు వరుసల కూసున్నయి, మనుషులు నిలబడ్డరు.
నిలబడుడు అందరికీ ఒక్క తీరుగ రాదక్కడ.
కొందరి మోకాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటయి,
కొందరికి మెడ తిరగదు, మనిషే తిరగాలె.
బుగ్గమ్మ అనే ముసలామె, బిందె నిండేదాక,
బండి మీద మా కంపెనీ పేరును వేలుతోని తడిమింది.
"గీ పేరు మా చెల్కల గూడ ఉంది బిడ్డా,
బోరు పైపు మీద.
మా అత్త కాలంల చేదబాయి నీళ్లు తియ్యగుండె.
అది ఎండితే మా ఆయన తొమ్మిది నూర్ల ఫీట్లు దించిండు.
లోతుకు పోయినకొద్ది విషమొస్తదని
గప్పుడు ఎవ్వలు చెప్పలే.
పైపు మాత్రం మంచిది. ఇప్పటికీ పగుల్లే."

పైపు మాత్రం మంచిది.
బండి దిగినంక గూడ ఆ మాట
నాతోని ఇంటిదాక నడిచొచ్చింది.

పొద్దున ఎవ్వలు రాకముందే కంప్యూటర్ తెరిచిన.
పదకొండో వరుసను ఉన్న కాడికెల్లి తీసి
బాకీల కింద పెట్టిన.
పైన ముడిసరుకు షావుకారి, కరెంటాఫీసు,
కింద మా అందరి జీతాలు,
నడుమ రాళ్లవెల్లి.
తారీకు కాడ, మొదటి పైపు అమ్మిన సాలు రాసిన.
మొత్తం ఎంత?
ఆ గడి ఖాళీగ ఇడిసిపెట్టిన.

బ్యాంకాయన అద్దాలు తీసి తుడుసుకుండు.
"బిల్లుందా దీనికి?"
నా నోటి దాక ఏదో వచ్చింది, మింగిన.
సారే అన్నడు, ఈసారి కిటికీ దిక్కు చూడకుండ:
"నా కారు అమ్ముతున్న. గా పైసలు జీతాలకు.
బండి అమ్మే వరుసల లేదు."

చప్పట్లేం కొట్టలేదు ఎవ్వలు.
"మా ఇంట్ల పొయ్యి ఏ వరుసల ఉంది?" అని
మూడో మిషన్ ఖాసీం టిఫిన్ డబ్బా ఎత్తుకొని పోయిండు,
మళ్ల రాలే.
ఆయనది తప్పని రాసే గడి నా కాడ లేదు.

మిషన్లు తిరుగుతున్నయిప్పుడు.
ప్రతి మార్చిల ఆడిటర్ అడుగుతడు,
ఖాళీ గడి మీద పెన్ను ఆనిచ్చి:
"ఈ లెక్క ఇంకా తెగలేదా అమ్మా?"
"లేదు సార్," అంటున్న,
"పైపు మంచిది. ఇంకా పగుల్లే."